అలలు లేని చోటే దిగు

కోబర్గ్, మెల్‌బోర్న్
2 అక్టోబరు 1984, మంగళవారం

ఉతికినవి: దుప్పట్లు, మీ బావ పనిచొక్కాలు. ఆరినవి: సగమే. వాన వచ్చింది, ఎండ వచ్చింది, మళ్ళీ వాన వచ్చింది. తీగ మీది బట్టలు లోపలికీ బయటికీ తిప్పుతూనే ఉన్నాను. వండినవి: నారింజ జామ్, ఆరు సీసాలు. తుడిచినవి: వంటింటి అలమరాలు. మిగిలిన పని: నీకు ఉత్తరం.

ప్రియమైన నేరిడా,

నేరుగా విషయానికి వస్తాను. మన రాబిన్‌కు మీ ఊరి పిల్లల ఆసుపత్రి నుంచి నర్సు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇక్కడ తను పనిచేస్తున్న ఆసుపత్రివాళ్ళు కూడా వదులుకోవడం ఇష్టం లేక, ఇక్కడే పిల్లల వార్డు ఇస్తామంటున్నారు. జనవరి నెలాఖరుకల్లా ఎటో ఒకటి చెప్పాలి.

వెళ్ళొద్దని నేను అనలేను. అన్నానంటే మర్నాడే పెట్టె సర్దుతుంది. ఆ పోలిక ఏ పిన్నిదో నీకు తెలుసు. అందుకని నువ్వో పని చెయ్యి. మీ సిడ్నీ ఎంత భద్రమో, అక్కడి బతుకు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు రాయి. నేను రాబిన్‌కు చదివి వినిపిస్తాను. ఏదీ దాచకు.

మా వీధి సంగతి నీకు తెలియంది కాదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి వెనక తలుపు తాళంచెవి జెరేనియం కుండీ కిందే ఉంటోంది. పాలవాడికి తెలుసు, పక్కింటి వాళ్ళకు తెలుసు, తపాలా అతనికీ తెలుసు. ఇంతవరకు చెంచా కూడా పోలేదు. మీ సిడ్నీలో అలా పెట్టి చూడు, కుండీతో సహా పోతుంది.

దీనికి తోడు మీ బావ కోపం ఒకటి. సౌత్ మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ జట్టు మీ ఊరికి తరలిపోయి రెండేళ్ళు దాటినా ఆయన మంట చల్లారలేదు. నిన్న భోజనాల దగ్గర, "ముందు నా జట్టును ఎత్తుకుపోయారు, ఇప్పుడు నా కూతురా?" అన్నాడు. రాబిన్ ఊరుకుంటుందా? "బెంగపడకు నాన్నా, ఆ జట్టు కన్నా నేనే ఎక్కువ గెలుస్తాలే" అంది. ఆయన ఫోర్కు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. పుడ్డింగ్ టైముకు తిరిగొచ్చాడు.

నీ అక్క,
వాల్డా


మరూబ్రా, సిడ్నీ
అక్టోబరులో ఏదో ఒక రోజు, ఎండగా ఉంది

అక్కా,

నీ ఉత్తరం తొలి నాలుగు వరసల్లోనే రెండు వానలు పడ్డాయి. దాన్ని కూడా ఊరంటారా?

ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా, రాస్తున్నాను. బొద్దింకలు ఉన్నాయి, బొటనవేలంత. వాన వెలిశాక నల్లటి విషపు సాలెపురుగు బూటులో దూరుతుంది. విదిలించి తొడుక్కుంటాం. బస్సు ఎప్పుడు వస్తుందో దాన్ని నడిపేవాడికే తెలియదు. ఎటు వెళ్ళాలన్నా ఒక గుట్ట ఎక్కాలి. అంతే, ఇంకేమీ లేదు. పొద్దున్నే సముద్రంలో మునిగి, తడి జుట్టుతోనే పూల దుకాణానికి పనికి వెళ్తాను. మా యజమానురాలు కూడా తడి జుట్టుతోనే వస్తుంది. మీ ఊళ్ళో తడి జుట్టుతో గుమ్మం దాటితే సాయంత్రానికి డాక్టరు.

మీ ట్రామ్‌ల భద్రత గురించి నాకు చెప్పకు. కుడివైపు తిరగాలంటే ఎడమ అంచుకు వెళ్ళి నిలబడమనే ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? మా ఆయన బతికుండగా కారులో మీ ఇంటికి వచ్చినప్పుడు నడి కూడలిలో ఇరుక్కుపోయాం. వెనక ట్రామ్ గంట కొడుతోంది, ముందు ఇంకో ట్రామ్. లెస్ చెమట తుడుచుకుని, "నేరీ, ఇక్కడ కుడివైపు తిరగడం కన్నా తిన్నగా సిడ్నీ దాకా పోవడం తేలిక" అన్నాడు. ఆ రోజు మేం మీ ఇంటికి ఆలస్యంగా ఎందుకొచ్చామో నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు.

రాబిన్‌ను క్రిస్మస్‌కు నా దగ్గరికి పంపు. ఊరు చూస్తుంది, తనే తేల్చుకుంటుంది. లెస్ పోయాక ఈ ఇంట్లో రెండో కుర్చీలో ఇస్త్రీ చెయ్యని బట్టలే కూర్చుంటున్నాయి. కొన్నాళ్ళు వాటిని లేపుతాను.

పందెం కాద్దామా? నా దగ్గరున్నన్నాళ్ళూ పిల్లకు ఏ చిన్న ఆపద వచ్చినా నీకు క్రిస్మస్ హ్యామ్ బాకీ, ఎముకతో సహా మొత్తం పంది తొడ. మీ భద్రమైన వీధిలో, నీ ఇంట్లో ఏదైనా పోయిందా, నువ్వు నాకు అమ్మ చేసే ప్యాషన్ పండు స్పాంజి కేకు బాకీ. బజారు కేకు పనికిరాదు.

నేరీ


కోబర్గ్, మెల్‌బోర్న్
9 డిసెంబరు 1984, ఆదివారం

చేసినవి: క్రిస్మస్ పుడ్డింగ్ గుడ్డలో కట్టి వేలాడదీయడం, రాబిన్ బట్టలకు గుండీలు, ముందు తోటలో గడ్డి. మిగిలినవి: చెప్పకపోవడమే మేలు.

ప్రియమైన నేరిడా,

పందెం ఒప్పుకుంటున్నాను. హ్యామ్ ఊరికే వస్తానంటే నేనెందుకు వద్దంటాను?

రాబిన్ వచ్చే మంగళవారం రాత్రి రైలెక్కుతుంది. స్టేషనుకు నువ్వే వెళ్ళు, ఎవరినీ పంపకు. బూట్లు విదిలించి తొడుక్కోమని చెప్పాను, అయినా నువ్వూ విదిలించు. చీకటి పడ్డాక ఒంటరిగా బస్సెక్కనివ్వకు. ఇక సముద్రం. చిన్నప్పటి నుంచి పిల్ల ఈదింది రోజ్‌బడ్ ఖాతంలో, మన గుడారాల ముందు, మోకాలి లోతు నీళ్ళలో. మీ దగ్గర ఇంటి ఎత్తు అలలట. అందుకని రాబిన్‌కు ఖచ్చితంగా చెప్పి పంపుతున్నాను, అలలు లేని చోటే దిగు అని. నువ్వూ అలాంటి చోటు చూసిపెట్టు.

మాంసం కొట్టులో హ్యామ్ చెప్పి ఉంచాను. ఇంట్లో ఇద్దరమే కదా, చిన్నది చాలంటాడు మీ బావ. చిన్నది కొనడం నా చేతికి అలవాటు లేదు. పెద్దదే తెస్తున్నాను.

వాల్డా


మరూబ్రా
30 డిసెంబరు

అక్కా,

క్రిస్మస్ బ్రహ్మాండంగా జరిగింది. రొయ్యలు బల్ల నిండా. ఎదురింటి లుకాస్ దంపతులు వాళ్ళ ఊరి తీపి రొట్టె తెచ్చారు. రాబిన్ లుకాస్ ముసలాయనతో పేకాడి గెలిచింది. ఆయన గ్రీకులో తిట్టాడు, రాబిన్ అచ్చం అలాగే తిరిగి తిట్టింది. ఆవిడ పడీపడీ నవ్వింది. మర్నాడు పడవెక్కి రేవు అవతలికి వెళ్ళాం. ఆసుపత్రి బయట నిలబడి చూశాం. లోపలి నుంచి ఒక నర్సు వచ్చి, "ఎవరి కోసం?" అంది. రాబిన్ "బహుశా నా కోసమే" అంది. లోపలికి తీసుకెళ్ళి వార్డంతా చూపించింది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. రాబిన్ ఒక్కో మంచం దగ్గరా ఆగి పిల్లల్ని పలకరించింది.

చేపల దుకాణం డెస్ గోర్మన్ మాకు పెద్ద చేప ఇచ్చాడు. దాన్ని నిమ్మకాయతో, వెన్నతో ఎలా వండానో పక్క కాగితంలో రాశాను, చూడు.

సముద్రానికి కూడా వెళ్ళాం. ఇసుక బాగుంది.

రాబిన్‌కు కాస్త దగ్గు, ఇంకేమీ లేదు.

నేరీ


కోబర్గ్, మెల్‌బోర్న్
6 జనవరి 1985, ఆదివారం

చేసినవి: తలుపులకు నూనె, పొయ్యి బూడిద ఎత్తడం, ప్లమ్ పళ్ళు సీసాల్లో పెట్టడం.

ప్రియమైన నేరిడా,

చేప గురించి ఒక కాగితం అటూ ఇటూ రాశావు. సముద్రం గురించి రెండు మాటలు. ఇసుక బాగుండటమేమిటి? నువ్వు పుట్టినప్పటి నుంచి సముద్రం గురించి రెండు మాటల్లో ఆగిన రోజు నాకు గుర్తులేదు. నడివేసవిలో దగ్గు ఎందుకొచ్చింది?

ఇక్కడ క్రిస్మస్ బాగా జరిగింది. పొద్దున మాడిపోయే ఎండ, మధ్యాహ్నం చల్లగాలి, సాయంత్రం స్వెట్టర్లు. పుడ్డింగ్ కుదిరింది.

జవాబు వెంటనే రాయి.

వాల్డా


మరూబ్రా
13 జనవరి

అక్కా,

ముందు నీ సంగతి తేలుద్దాం. పండగనాడు ఫోన్లో బావను, "హ్యామ్ ఎలా ఉంది?" అని అడిగాను. "ఈ ఏడు మేక చాప్స్ తిన్నాం" అన్నాడు. వెంటనే వెనక నుంచి నీ గొంతు, "క్లారీ! దూరపు ఫోను, పెట్టేయ్!" అని. పుడ్డింగ్ గురించి రాశావు, హ్యామ్ ఊసే లేదు. పెద్దది తెస్తున్నానన్నావు కదా. ఏమైంది అక్కా ఆ హ్యామ్?

ఇక నా వంతు. కూర్చుని చదువు. పిల్ల క్షేమంగా ఉంది, ఇప్పుడే నా ఎదుట కుర్చీలో కూర్చుని మామిడిపండు తింటోంది. అది గుర్తు పెట్టుకుని చదువు.

క్రిస్మస్ ముందటి ఆదివారం సముద్రానికి వెళ్ళాం. ఇక్కడ కాపలావాళ్ళు ఎరుపు పసుపు జెండాలు రెండు పాతుతారు, వాటి మధ్యే దిగాలి. నేను టీ తేవడానికి వెళ్తూ, "జెండాల మధ్య ఉండు" అన్నాను. రాబిన్ అటు చూసి, "అక్కడ జనం, పైగా అలలు కూడా ఎక్కువ పిన్నీ. అదిగో, ఆ పక్కన చూడు, అద్దంలా ఉంది. అలలు లేని చోటే దిగమంది అమ్మ" అంది. నేను విన్నాను. విని కూడా, వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. టీ కొట్టు దగ్గర వరసలో నిలబడ్డాను. వెనక్కి తిరిగేసరికి పిల్ల తల నారింజపండంత కనిపించింది.

అలలు రెండు పక్కల నుంచీ ఒడ్డుకు తెచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అది. అందుకే అక్కడ అల విరగదు. చూడటానికి చెరువు, దిగితే నది. ఇక్కడ పుట్టిన పసివాళ్ళకు కూడా తెలుసు. మీ ప్రశాంతమైన ఖాతంలో ఈదినవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

రాబిన్ చెయ్యి ఎత్తింది. చేపల డెస్ ఆదివారాల్లో జీతం లేకుండా కాపలా కాస్తాడు. అప్పటికే అలల మీద తేలే పలక తీసుకుని నీళ్ళలో ఉన్నాడు. ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టి, "ఏ ఊరమ్మా?" అన్నాడు. "మెల్‌బోర్న్." "అనుకున్నా. ఇంత పెద్ద సముద్రంలో వెతుక్కుని వెతుక్కుని సరిగ్గా అందులోనే దిగుతారు మీరు." రాబిన్ ముందు దగ్గింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. "అమ్మకు రాయకు పిన్నీ. తను చెప్పిన చోటే దిగానని తెలిస్తే తట్టుకోలేదు" అంది. అందుకే ఇసుక గురించి రాశాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పిల్లకు ఇక్కడి ఉద్యోగమే కావాలి. నీకు చెప్పడానికి భయపడుతోంది. నేను నోరు మూసుకుంటే బహుశా నువ్వు పంపుతావు, ఈ కుర్చీ ఖాళీ ఉండదు. కానీ నీకు తెలియకుండా నీ కూతుర్ని దక్కించుకుని నీ మొహం ఎలా చూడను? రాసేశాను. ఇక నీ ఇష్టం.

హ్యామ్ నీకు బాకీ పడ్డాను.

నేరీ


కోబర్గ్, మెల్‌బోర్న్
20 జనవరి 1985, ఆదివారం

చేసినవి: ఏమీ లేవు. గురువారం నుంచి గిన్నెలు మీ బావే కడుగుతున్నాడు. ఒక్కటీ సరిగా కడగలేదు.

నేరీ,

హ్యామ్ పోయింది. పండగకు రెండు రోజుల ముందు నేను చర్చిలో పూలు సర్దడానికి వెళ్ళాను. తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే అరలో పళ్ళెం మాత్రం ఉంది. హ్యామ్‌తో పాటు ఆవాల ముద్ద సీసా కూడా తీసుకెళ్ళాడు. ఇంకేమీ ముట్టుకోలేదు. పోయేటప్పుడు తలుపు తాళం వేసి, చెవిని తిరిగి జెరేనియం కుండీ కిందే పెట్టాడు. కుండీ కూడా ఎప్పుడూ ఉన్న వైపుకే తిప్పి పెట్టాడు. మా వీధిలో ఒక్కరూ చూడలేదు. మీ బావ, "మన ఊరి దొంగ కనుక ఇంత పద్ధతిగా ఉన్నాడు, సిడ్నీవాడైతే తలుపు తెరిచి పోయేవాడు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నీకు ఓడిపోవడం ఇష్టం లేక దాచాను. స్పాంజి కేకు నీకు బాకీ.

నీ ఉత్తరం గురువారం అందింది. రాబిన్ శుక్రవారం దిగింది. భోజనం పెట్టి, "సముద్రం ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందమ్మా."

"ఇసుకా?"

పిల్ల ఫోర్కు ఆపింది. "పిన్ని రాసేసిందా?"

"రాసింది. నేను చెప్పిన చోటే దిగావట."

"నువ్వు చెప్పింది రోజ్‌బడ్ సముద్రం గురించి. అది సరిగ్గానే చెప్పావు."

మీ బావ లేచి రేడియో కట్టేశాడు. ఆయనకు అప్పటిదాకా ఏమీ తెలియదు.

"లాక్కుపోతుంటే ఏం చేశావు?" అన్నాను.

"ముందు ఒడ్డుకేసి ఈదాను. ఎంత ఈదినా ఒడ్డు దూరమవుతోంది. చేతులు పడిపోయాయి. ఇక ఈదడం మానేసి వెల్లకిలా తేలి, చెయ్యి ఎత్తాను."

"ఎవరైనా చూస్తారని ఎలా తెలుసు?"

"చూస్తున్నారమ్మా. అక్కడ ఎవరో ఒకరు ఎప్పుడూ చూస్తూనే ఉంటారు, అదే వాళ్ళ పని."

నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, చల్లారిన కెటిల్ కింద మంట మళ్ళీ వెలిగించాను. రెండు రోజుల నుంచీ నీ మీద కోపం, ఆ నీళ్ళ మీద కోపం, అన్నిటికన్నా నా నోటి మీద కోపం. ఎక్కడ ప్రమాదం ఉందో అక్కడికే వేలెత్తి చూపి మరీ పంపాను. కానీ ఆ మాట విన్నాక ఒకటి తోచింది. నా ఇంట్లోకి పట్టపగలు మనిషి వచ్చి, నా హ్యామ్ చంకన పెట్టుకుని వీధి పొడవునా నడిచి వెళ్ళాడు. చూసినవాళ్ళు లేరు. నా కూతురు అంత పెద్ద సముద్రంలో చెయ్యి ఎత్తితే ఒక చేపలవాడు చూశాడు.

"ఉద్యోగానికి జవాబు రాశావా?" అన్నాను.

"రాయలేదు."

"టీ తాగి రాయి. అక్షరాలు కుదురుగా ఉండాలి."

నిన్న పొద్దున ఆ జవాబును నేనే తీసుకెళ్ళి పోస్టుడబ్బాలో వేశాను. వేశాక కూడా చెయ్యి కాసేపు లోపలే ఉంచాను. ఇంటికొచ్చేసరికి మీ బావ, "పోతే పోనీ. ఆ జట్టు అక్కడ ఎలా ఆడుతోందో వారం వారం చూసి చెప్పమను" అన్నాడు.

తాళంచెవి ఇప్పుడు పక్కింటావిడ దగ్గర ఉంది.

డెస్ గోర్మన్ గారి ఛాతీ కొలత పంపు. ఆయనకు చాలా బాకీ ఉన్నాను. నా దగ్గరున్నది ఊలు మాత్రమే.

వాల్డా


మరూబ్రా
జూన్, మాకు చలికాలమట, కిటికీలు తెరిచే ఉన్నాయి

అక్కా,

స్వెట్టరు అందింది. ఎరుపు, పసుపు పట్టీలు, జెండాల రంగే. నువ్వు తూచి మరీ రంగులు ఎంచి ఉంటావు. బరువు కూడా తూచావా? నేనూ రాబిన్ చెరో చివరా పట్టుకుని దుకాణానికి మోసుకెళ్ళాం.

డెస్ చేతులు తుడుచుకుని అక్కడే తొడుక్కున్నాడు. కొలత సరిగ్గా సరిపోయింది. చెమట కారిపోతోంది. "భలే ఉందమ్మా. కానీ ఇది వేసుకుని నీళ్ళలోకి దూకితే నన్ను తేవడానికి ఇంకొకడు దూకాలి" అన్నాడు. అయినా విప్పలేదు. అదే వేసుకుని మంచుగడ్డల గదిలోకి వెళ్ళొచ్చి, "దీనికి తగిన చోటు దొరికింది" అన్నాడు. ఇప్పుడు రోజూ ఆ గదిలో అదే వేసుకుంటున్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. "వాల్డా గారికి చెప్పండి, బాకీ సగమే తీరింది. ఆదివారాలు మాకు మనుషులు చాలడం లేదు. ఇప్పుడు ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నాం" అని రాబిన్ వైపు చూశాడు. పిల్ల నన్ను చూసింది. నేను చేపల్ని చూశాను. నిర్ణయం నాది కాదు.

రాబిన్ వార్డులో పిల్లలు తనను వదలరు. ఇంట్లో మాత్రం నీ కూతురే. నా అలమరాలన్నీ తుడిచి కాగితాలు పరిచింది. నా బట్టలకు కుర్చీ లేకుండా పోయింది, ఇస్త్రీ చేసుకోక తప్పడం లేదు.

క్రిస్మస్‌కు మీరిద్దరూ ఇక్కడికే రండి. బావకు ఆట చూపిస్తానని ఆశపెట్టు. అది ఆటల కాలం కాదని రైలెక్కాక చెబుదాం.

నేరీ


కోబర్గ్, మెల్‌బోర్న్
5 జనవరి 1986, ఆదివారం

చేసినవి: పెట్టెలు విప్పడం, ఇసుక దులపడం. పెట్టెల్లో, చెప్పుల్లో, మీ బావ టోపీలో కూడా ఇసుకే. తోటకు నీళ్ళు. జెరేనియం బాగా పూసింది. మేం లేనప్పుడు పక్కింటావిడ మా చెత్తడబ్బా బయట పెట్టి, మళ్ళీ లోపల పెట్టింది.

ప్రియమైన నేరిడా,

క్షేమంగా చేరాం. దారి పొడవునా మీ బావ ఆట లేదని సణిగాడు. తర్వాత, "ఆ జట్టు మైదానం గడ్డి మాత్రం బాగుంది" అన్నాడు. అది ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట.

నీ పొయ్యి ఒక పక్కకు ఒరిగి ఉంది. స్పాంజి కేకు కూడా అలాగే ఒరిగింది. అమ్మ చేసి ఉంటే నిటారుగా వచ్చేది. నువ్వు మాత్రం మూడు ముక్కలు తిన్నావు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నాకు ఒకటే కనిపిస్తోంది. మీ దగ్గరున్న ఆదివారం నీళ్ళు చీలమండల దాకా వచ్చేలా జెండాల మధ్య నిలబడ్డాను. రాబిన్ కాపలా టోపీ పెట్టుకుని పక్కన నిలబడి, "అదిగో అమ్మా, అదే" అని చూపించింది. ఎంత అందంగా ఉందో! నున్నగా, ఆకుపచ్చగా, నలగని దుప్పటిలా. నేనైతే ఈ రోజుకీ అక్కడే దిగుతాను.

ఆ మాట అనబోతుండగానే ఒకాయన ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని తిన్నగా అటే నడిచాడు. రాబిన్ ఈల వేసింది. నా చెవులు చిల్లులు పడ్డాయి. "మీరే, సార్! జెండాల మధ్యకు రండి!" ఆయన ఆగి, "ఇక్కడే భద్రంగా ఉందమ్మా, అలలే లేవు" అన్నాడు. రాబిన్ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏ ఊరండీ?" అంది.

"మెల్‌బోర్న్."

"అనుకున్నా" అంది నా కూతురు.

డెస్ గారు కుర్చీలోంచి లేవను కూడా లేదు. నా వైపు తిరిగి టోపీ కాస్త పైకెత్తాడు.

హ్యామ్: తిన్నాం. స్పాంజి కేకు: తిన్నావు. డెస్ గోర్మన్ గారికి నేను పడ్డ బాకీ: తీరింది.

నీ అక్క,
వాల్డా